ఆరతిచ్చి తెచ్చుకున్న చెవులపిల్లి

మొన్న తిరుపతిలో మా మనవరాలు కొత్త ఇంటి గోడకు తగిలించడానికని వెదురు చేట ఒకటి కొనుక్కొచ్చింది. దాని మీద ఎవరో రంగులతో నెమలిని వేశారు, అంచుకు అద్దాలు అంటించారు, అల్లిక సందులు పూడ్చే మెంతిపిండి మాత్రం పూయలేదు. చెరగని చేటకు మెంతిపిండి ఎందుకులే అని ఊరుకోవలసింది. ముసలిదాన్ని కదా, చెయ్యి ఊరుకోక, గుప్పెడు మెంతులు నానబెట్టి, పేపరు గుజ్జుతో కలిపి రుబ్బి, నెమలి లేని వెనక వైపంతా మెత్తాను. ఆ చేదువాసన గదినిండా కమ్ముకుంది. మెంతుల వాసన అందరికీ ఊరగాయను గుర్తు చేస్తుందేమో గానీ నాకు మా అమ్మ వేళ్లను గుర్తు చేస్తుంది. ఆ వేళ్ల చప్పుడుకు పరుగెత్తుకొచ్చే తెల్లటి కుందేలును గుర్తు చేస్తుంది. వాటి వెంటే మా తాత తలపాగా కూడా గుర్తుకొస్తుంది, నోరంతా చేదవుతుంది.

కుందేలును మా వైపు చెవులపిల్లి అనేవాళ్లం. మాది కార్వేటినగరం దగ్గర, కొండను ఆనుకుని ఉన్న చిన్న పల్లె. నాకు ఊహ తెలిసేనాటికే రాజుగారి నగరు గోడలు పెచ్చులూడుతున్నాయి గానీ చుట్టుపక్కల పల్లెల్లో మర్యాదల పిచ్చి మాత్రం చెక్కుచెదరలేదు. గుడిలో తొలి తీర్థం ఎవరికి, తేరు మోకు ముందు పట్టుకునేదెవరు, ఎవరి వాకిట్లో పలకలు, అంటే డప్పులు, ఆగి మోగాలి, ఇలాంటి వాటికోసం అన్నదమ్ములు కోర్టులకెక్కిన రోజులవి. మా ఇంటికీ ఒక మర్యాద ఉండేది. కనుమనాడు సాయంత్రం మా ఊరి సామి కొండ అంచుకు పారువేటకు వెళ్తాడు. పేరుకే వేట. వలపన్ని పట్టిన చెవులపిల్లిని బుట్టలో తెచ్చి, పసుపూ కుంకుమా పెట్టి, సామి చుట్టూ మూడుసార్లు తిప్పి, కొండవైపు మొగం పెట్టి వదిలేస్తారు. వెనక పలకలు మోగిస్తారు. ఆ మోతకు బెదిరి అది కొండెక్కి పోతే ఆ ఏడు ఊరికి వాన, పసులకు మేత. ఆ చెవులపిల్లిని తెచ్చి ఇచ్చే హక్కు పల్లం వైపున్న మా దిగవింటిది. ఇచ్చిన ఇంటి పెద్దకు పూజారి అందరి ముందూ తలపాగా చుడతాడు.

ఆ నూలుగుడ్డ కోసమే మా తాత ఏడాది పొడుగునా బతికేవాడంటే అబద్ధం కాదు. మింగ మెతుకు లేకున్నా మీసాలకు సంపెంగ నూనె కావాలనే మనిషి ఆయన. చుట్టిన తలపాగాలన్నీ మడతపెట్టి పెట్టెలో వేపాకుల మధ్య దాచేవాడు. ఒక్క ఏడు మేము తేలేకపోయినా ఆ హక్కు ఎగవింటి వాళ్లకు పోతుంది. ఎగవింటి వాళ్లంటే ఎవరో కాదు, తాతకు పెదనాయన కొడుకులు. పొద్దునలేస్తే వాళ్ల తిన్నె మీద ఎవరు కూర్చున్నారో చూసిగానీ మా తాత పళ్లపుల్ల నోట్లో పెట్టేవాడు కాదు.

అవి రెండో ప్రపంచయుద్ధం నడుస్తున్న ఏళ్లు. కిరసనాయిలు దొరకదు, గుడ్డ దొరకదు, బస్సులు పెట్రోలు లేక వెనకాల బొగ్గుల కొలిమి తగిలించుకుని, ఎత్తు వచ్చినచోట జనాన్ని దించి తోయించుకుంటూ తిరిగేవి. ఆ వేసవిలో మా అమ్మ రెండో కాన్పుకు చిత్తూరులో ఒక ఆసుపత్రికి వెళ్లింది. నేను అప్పుడు ఏడెనిమిదేళ్ల దాన్ని. తమ్ముడొస్తాడని అందరూ చెప్పి చెప్పి, నేను వాడికోసం నున్నటి చింతగింజలు ఏరి డబ్బాలో దాచిపెట్టాను. అమ్మానాయనలు బస్సు దిగి బండిలో వస్తున్నారని కబురు అందగానే అవ్వ, అంటే నాయనను కన్నతల్లి, పసుపునీళ్లలో సున్నం వేసి ఎర్రనీళ్లు కలిపింది, పళ్లెంలో తమలపాకు వేసి దాని మీద కర్పూరం పెట్టింది. మా ఇంట్లో ఒక ఆచారం ఉండేది. పసిబిడ్డ మొదటిసారి గడప దాటేటప్పుడు ఆరతి ఇచ్చి దిష్టి తీసేదాకా ఎవరూ బిడ్డ మొగం చూడకూడదు. తల్లి పైట కప్పుకుని వస్తుంది, ఆరతి ఇచ్చేవాళ్లు తలవంచుకునే ఇస్తారు.

అమ్మ బండి దిగింది. మొగం పాలిపోయి, కాళ్లు ఈడ్చుకుంటూ, రెండు చేతులూ పొత్తికడుపుకు అదిమి పెట్టుకుని వచ్చి గడప ముందు నిలబడింది. పైట కింద ఏదో మెత్తగా కదిలింది. నాయన ట్రంకుపెట్టె భుజాన పెట్టుకుని వెనకే ఉన్నాడు, నోరు తెరవలేదు. తెరవాల్సిన చోట మా నాయన ఏనాడూ నోరు తెరిచినవాడు కాదు. అవ్వ తలవంచుకుని, కర్పూరం వెలిగించి, మూడు చుట్లు తిప్పి, ఎర్రనీళ్లలో వేలు ముంచి అమ్మ నుదుట పెట్టింది. అదే వేలితో బిడ్డకూ పెడదామని పైట ఎత్తింది. రెండు పొడుగాటి చెవులు లేచి నిలబడ్డాయి.

"ఏందే ఇది?" అంది అవ్వ. పళ్లెం ఒలికి ఎర్రనీళ్లు గడప మీద పారాయి.

"బిడ్డ లేడత్తా. పుట్టి ఏడవను గూడా లేదు," అంది అమ్మ. "ఇదొకటే ఉండాది."

ఆ ఆసుపత్రిలో ఎస్తేరమ్మ అని ఒక నర్సు ఉండేదట. తన క్వార్టర్సు వెనకాల సీమ కుందేళ్లు, అంటే తెల్లటి ఒళ్లు, ఎర్రటి కళ్లు ఉండేవి, పెంచేది. అమ్మ బయల్దేరే రోజు ఆమె వచ్చి, "ఖాళీ చేతుల్తో ఇంటికి పోగూడదు తల్లీ, దీన్ని పట్టుకోని పో" అని అరచేతిలో పట్టేంత పిల్లను అమ్మ ఒళ్లో పెట్టిందట. ఇదంతా నాయన తరువాత, ఎవరూ అడక్కపోయినా, స్తంభానికి చెబుతున్నట్టు చెప్పాడు.

తిన్నె మీద నుంచి తాత ఉమ్మేసి, "ఈ సీమ జంతువు మనకేల? కుక్కలకెయ్యండి" అన్నాడు. వాకిట్లో గుమికూడిన ఆడవాళ్లలో ఒకరిద్దరు కొంగు అడ్డం పెట్టుకుని నవ్వారు కూడా. అప్పుడు మా అవ్వ, తాత ముందర గొంతెత్తి ఎరగని మా అవ్వ, ఖాళీ పళ్లెం చంకన పెట్టుకుని అంది: "తెలిసిచ్చినానో తెలీకిచ్చినానో, ఆరతిచ్చినాను. ఇంగ అది ఇంటిబిడ్డే. ఎత్తిన ఆరతి యాడన్నా వెనక్కి తీస్తారా?" అని, మిగిలిన ఎర్రనీళ్లు వేలితో తుడిచి దాని నుదుట కూడా బొట్టు పెట్టింది. తెల్లటి బొచ్చు మీద ఆ బొట్టు చాలా రోజులు ఉంది. ఆ వేళ అవ్వను చూసి నాకెంత గర్వమనిపించిందో చెప్పలేను. అందుకే తరువాతి సంగతి ఇప్పటికీ మింగుడుపడదు.

అవ్వే ఆ రాత్రి మల్లెపూలు దట్టంగా మాల కట్టి అమ్మ రొమ్ములకు చుట్టింది, పాలు ఆగిపోవడానికి అలా చేస్తారు. ఇల్లంతా మల్లెవాసన. అమ్మ గోడవైపు తిరిగి పడుకుని పలకదు, పిలిస్తే చూడదు, సంగటి ముద్ద ముందు పెడితే చల్లారి గట్టిపడేదాకా అలాగే ఉంచేది. ఆమె చేతులు కదిలింది ఒక్క ఆ పిల్ల కోసమే. గరికా చెంచలాకూ మునగాకూ తెచ్చి లేత చివుళ్లు గిల్లి నోటికి అందించేది. గడప దాటాక మొదటిసారి అమ్మ నోట మాట విన్నది, దాన్ని పిలవడానికే. "చిన్నబ్బా" అంది. అది పుట్టబోయే తమ్ముడి కోసం అనుకున్న ముద్దుపేరు. అవ్వ విని, ముక్కు చీదుకుని, పొయ్యిలో పుల్ల ఎగదోసింది. వద్దని మాత్రం అనలేదు.

చిన్నబ్బ చేసిన ఆగడాలు ఇన్నీ అన్నీ కావు. మట్టి నేలంతా గుంతలు తవ్వేది, అవ్వ తిట్టుకుంటూ పేడతో అలికేది, అలికిన తడి ఆరకముందే మళ్లీ తవ్వేది. నులకమంచం తాళ్లు కొరికితే నాయన నడిరేయి నడుము మడతపడి కిందికి జారాడు. కంట్రోలు అంగడి చుట్టూ తిరిగి తిరిగి తెచ్చుకున్న పంచె అంచు కొరికితే, నాయన ఆ కొరికిన అంచు లోపలికి మడిచి కట్టుకున్నాడు. మధ్యాహ్నం ఎండకు గాదె కింద చల్లటి నేల మీద కాళ్లు బారచాపి పడుకునేది. చలికాలం వచ్చేసరికి పొయ్యి పక్కన వెచ్చటి బూడిద వెతుక్కునేది. నేను చింతగింజలు పరిచి అచ్చంగాయలు ఆడుతుంటే వచ్చి మూతితో చెల్లాచెదురు చేసేది. తమ్ముడు ఉన్నా అంతే చేసేవాడేమో.

అమ్మ మెల్లగా లేచి పనుల్లో పడింది. సాయంత్రాలు వసారాలో కూర్చుని మెంతిపిండి మెత్తిన చేటలో రాగులు చెరిగేది. పని అయ్యాక ఆకుకూర కాడలు చేటలో వేసుకుని, దాన్ని కాస్త వాలుగా ఒళ్లో ఆనించి, వెనక వైపు వేళ్లతో పలక వాయించినట్టు వాయించేది. డండక, డండక, డం. అమ్మ పుట్టినూరు అరవదేశం సరిహద్దు, ఆ దరువు అక్కడి జాతరలో విన్నదట. ఆ చప్పుడు చెవిన పడితే చాలు, చిన్నబ్బ ఎక్కడున్నా, గాదె కిందున్నా పెరట్లో మునగచెట్టు మొదట్లో ఉన్నా, చెవులు వెనక్కి వేసి దూసుకొచ్చి చేట ముందు రెండు కాళ్ల మీద నిలబడేది. అమ్మ నవ్వేది. ఆసుపత్రి నుంచి వచ్చాక అమ్మ నవ్వగా చూసింది ఆ చేట దగ్గరే. నేను అమ్మ నవ్వు కోసమే ఆ వేళకు ఆటలు మానుకుని వచ్చి కూర్చునేదాన్ని.

ఆ ఏడు వానలు మొగం చాటేశాయి. చెనిక్కాయ, అంటే వేరుశనగ, కాయ పట్టకుండానే ఎండింది, చెరువు అడుగున బంకమట్టి పగుళ్లిచ్చింది. అయినా పండగ పండగే. అనపకాయలు ఎక్కడివో తెచ్చి గింజలు నానబెట్టి, పిల్లలమంతా తిన్నె మీద కూర్చుని పప్పు పితికాం. నిప్పట్లు కాలిన నూనె వాసన, ఓళిగలకు ఉడికే బెల్లం వాసన, కనుమ పొద్దున పసుల కోసం దంచే ఉప్పుచెక్క వగరువాసన, ఎద్దుల కొమ్ములకు పూసే రంగు వాసన, చిట్లాకుప్ప మంట కోసం ఊరి బయట పోగేసిన కంపల వాసన. ఇవన్నీ ఆ ఏడూ ఉన్నాయి. లేనిది చెవులపిల్లి ఒక్కటే. మేత లేక కొండలో జంతువులన్నీ ఎటు పోయాయో, వలలు తీసుకుని వెళ్లిన మా మనుషులు చీకటి పడ్డాక ముళ్లు గీరుకున్న కాళ్లతో ఉత్తచేతులతో తిరిగొచ్చారు. మరునాడూ అంతే. ఎగవింటి తిన్నె మీద నవ్వులు మా ఇంటి దాకా వినిపించాయి.

కనుమనాడు మధ్యాహ్నం తాత లోపలికి వచ్చి, పొయ్యి పక్కన మునగదీసుకున్న చిన్నబ్బను చాలాసేపు చూశాడు. ఆ చూపు చూసి అమ్మ చేతిలోని గరిటె పక్కన పెట్టింది.

"ఏమ్మే, బుట్ట తీసుకురా," అన్నాడు తాత.

"అది సీమది మామా. దానికి కొండ తెలీదు," అంది అమ్మ. మామగారి ఎదుట అమ్మ నేరుగా మాట్లాడటం నేను వినడం అదే మొదటిసారి.

"చెవులపిల్లి చెవులపిల్లే. దేవునికిస్తా ఉండాము గానీ కోసుకోని తింటా ఉండామా? వదిలితే కొండకు పోతాది. తిండికి కరువా ఆడ?"

అమ్మ నాయనను చూసింది. నాయన తన పంచె అంచు, ఆ కొరికిన అంచు, చేత్తో నలుపుతూ వాకిలివైపు చూశాడు. అమ్మ అవ్వను చూసింది. "నువ్వు సెప్పత్తా. ఆరతిచ్చినావు గదా." అవ్వ పెదవులు కదిలాయి. తాత ఒక్కసారి అవ్వ వైపు తిరిగాడు. అవ్వ తలవంచుకుని, గాదె మీద ఉన్న వెదురుబుట్ట తీసి, దుమ్ము దులిపి, తాత చేతికిచ్చింది. నేను ఏడ్చి తాత కాళ్లు పట్టుకుంటే, పండగపూట ఏడవకూడదని నా నోరు మూసింది కూడా అవ్వే.

ఆడవాళ్లు పారువేటలో దూరంగా, గట్టు మీద నిలబడి చూస్తారు. అమ్మ రాదనుకున్నాను, వచ్చింది. నా చెయ్యి పట్టుకుంది గానీ పట్టుకున్నట్టు ఆమెకు తెలిసినట్టు లేదు. సామిని కొయ్యగుర్రం మీద కూర్చోబెట్టి మోసుకొచ్చారు. పలకల వాళ్లు గడ్డిమంటకు తోళ్లు కాచుకుంటున్నారు. తాత కొత్త పంచె కట్టి, బుట్ట తల మీద పెట్టుకుని నడిచొచ్చాడు, ఎగవింటి వాళ్ల ముందు నుంచే కావాలని కాస్త చుట్టు తిరిగి వచ్చాడు. పూజారి బుట్ట మూత తీసి ఒక్క క్షణం ఆగాడు. తెల్లటిదాన్ని ఎప్పుడూ చూసినవాడు కాదు. తాత మొగం చూసి పసుపూ కుంకుమా పెట్టాడు. అవ్వ ఎర్రబొట్టు పెట్టిన చోటే పెట్టాడు. మూడు చుట్లు తిప్పి, కొండవైపు మొగం పెట్టి నేల మీద వదిలారు.

చిన్నబ్బ కదల్లేదు. అంత ఆకాశం అది ఎన్నడూ చూడలేదు. ముక్కు ఆడిస్తూ కూర్చుంది. ఒక గడ్డిపరక కొరికి చూసింది. జనం నవ్వారు. అంతలో వెనక నుంచి పలకలు మోగాయి. డండక, డండక, డం.

అది చెవులు నిలబెట్టింది. అడవి చెవులపిల్లి అయితే ఆ మోతకు ప్రాణాలు అరచేత పట్టుకుని కొండకు పారిపోయేది, తరతరాలుగా అదే జరిగింది, అందుకే వెనక పలకలు పెట్టేది. మా పెద్దలకు తెలిసింది అంతే. చిన్నబ్బకు ఆ చప్పుడంటే సాయంత్రం, వసారా, ఆకుకూర కాడలు, అమ్మ. అది కొండకు వీపు తిప్పి, చెవులు వెనక్కి వేసి, పలకల వైపు దూసుకొచ్చింది. "తోలండ్రా! కొండకు తోలండ్రా!" అని తాత అరుస్తున్నాడు. కుర్రాళ్లు కర్రలు అడ్డం వేశారు, ఎవరో రాయి విసిరారు, పలకల వాళ్లు దాన్ని బెదిరించాలని ఇంకా గట్టిగా వాయించారు. వాయించినకొద్దీ అది ఇంకా వేగంగా వచ్చింది. అమ్మకు అర్థమైంది. "వాయించద్దండి! ఆపండి సామీ, ఆపండి!" అని గట్టు దిగి పరుగెత్తింది. ఆ మోతలో ఆడమనిషి గొంతు ఎవరికి వినిపిస్తుంది? పలక వాయించేవాడి కాళ్ల ముందు చిన్నబ్బ రెండు కాళ్ల మీద లేచి నిలబడింది. ఊరకుక్క ఒకటి అక్కడే దాన్ని అందుకుంది.

పలకలు ఆగిపోయాయి. ఊరంతా తాత మొగం చూసింది. అపశకునం అని ఎగవింటి వాళ్లు నోరు తెరిచేలోపే పూజారి గొంతు సవరించుకుని, "సామి తనే తీసుకున్నాడప్పా, ఇంతకంటే ఏం కావాల?" అన్నాడు. జనానికి కావలసిందీ అలాంటి మాటే. చేతులెత్తి దండం పెట్టారు. మా తాతకు తలపాగా చుట్టారు. చుడుతుండగా ఆయన మీసం దువ్వుకోవడం ఈ కళ్లతో చూశాను.

అమ్మ కుక్క నోటి నుంచి దాన్ని విడిపించి, వచ్చిన రోజు తెచ్చినట్టే పైట కప్పి, ఇంటికి తీసుకొచ్చింది. మునగచెట్టు మొదట్లో, అది తవ్వుకున్న గుంతలోనే పెట్టి మన్ను పూడ్చింది. అవ్వ వెనకగా వచ్చి నిలబడి, "ఏం సేద్దును తల్లీ, మొగోళ్ల మాట" అంది. అమ్మ చేతులు దులుపుకుని లేచింది.

"ఎత్తిన ఆరతి వెనక్కి తీసినారు గదత్తా," అంది. ఏడుపు లేదు, కోపం లేదు, ఉప్పు అయిపోయిందని చెప్పినట్టు చెప్పింది. అవ్వ చనిపోయేదాకా అమ్మ ఆమెకు కావలసినవన్నీ చేసింది, కాళ్లు పట్టింది, తల దువ్వింది, కానీ అడిగినదానికి బదులు తప్ప నోరారా మాట్లాడలేదు. చేట వాయించడం మళ్లీ నేను చూడలేదు. చెరగడం కూడా చప్పుడు కాకుండా చెరిగేది. తాత పోయాక పెట్టె తెరిచి, ఆ తలపాగాలన్నీ చించి సంగటికుండ దించే మసిగుడ్డలు చేసింది. మా నాయన అప్పుడూ ఏమీ అనలేదు.

ఇప్పుడు ఆ ఊళ్లో పారువేట లేదు. జమీందార్లు పోయారు, మర్యాదలు పోయాయి, ఎగవిల్లూ దిగవిల్లూ రెండూ ఒకే ముళ్లకంప కింద ఉన్నాయి. వదిలితే ఎక్కడానికి కొండ కూడా లేదు, సగం బండరాళ్లుగా లారీలెక్కి వెళ్లింది. చిట్లాకుప్ప అంటే మా మనవరాలికి తెలియదు. ఇవి పోయాయని అందరూ కన్నీళ్లు పెట్టుకుని రాస్తుంటారు. నేను పెట్టుకోను. పోవలసినవి కొన్ని పోయాయి, మా అమ్మ నవ్వు పోయాక పోయాయి, అదొక్కటే నా బాధ.

రేపు గృహప్రవేశం. మనవరాలు నెలల బిడ్డతో గడప దాటుతుంది. ఇంటికి పెద్దదానివి, ఆరతి నువ్వే ఇయ్యాలవ్వా అని పళ్లెం తెచ్చి నా ముందు పెట్టింది. నా చేత కాదన్నాను. ఈ వయసులో చేతులు వణుకుతాయేమోలే అనుకుని ఊరుకుంది. వణకడం లేదు. మా ఇంట్లో ఎత్తిన ఆరతికి ఎంత విలువో చూసినదాన్ని, నా బతుకులో ఎవరికీ ఆరతి ఇవ్వలేదు, ఇవ్వను. మెంతిపిండి ఆరింది. చేటను మాత్రం స్టూలు వేయించి, ఎవరి వేళ్లూ అందనంత ఎత్తున, గోడకు తగిలించమన్నాను.